చెరువు కట్ట నుంచి పాత గుడి దాకా నడక దారి: నక్ష దగ్గర్నుంచి బొమ్మ దాకా

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్లు నాలుగైదు కిలోమీటర్లు. కందూరు చోడ రాజుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, శాసనాలూ శిల్పాలూ చేర్చి పెట్టిన మ్యూజియం, దగ్గర్లోనే ఉదయసముద్రం. ఇంత దగ్గరున్నా "నడిచి పోదామా" అంటే ఎవరూ లేవరు. ఎండ, దుమ్ము, లారీలు. పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు పిల్లలమర్రి చెట్టు విషయంలోనూ ఇదే మాట. చరిత్ర ఊరి అంచునే ఉంది, కాళ్లకు మాత్రం అందడం లేదు.

ఆ దూరాన్ని నీడలో నడిచే దారిగా మార్చాలనుకునే కాలనీ సంఘాలు, వార్డు కమిటీ సభ్యులు, డ్రాయింగ్ టీచర్లు, రిటైరైన సర్వేయర్ల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ముందు నీళ్లు, తర్వాత చెట్లు, ఆ తర్వాత దారి, అన్నిటికన్నా చివర బొమ్మలు. మన దగ్గర ఎక్కువగా ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు రంగురంగుల అక్షరాలతో సెల్ఫీ పాయింట్ వస్తుంది, దాని వెనక మురుగు అలాగే పారుతూ ఉంటుంది.

1. పాత నీళ్ల దారి పట్టుకోండి

కొత్త దారికి భూమి ఎక్కడ అని భయపడొద్దు. తెలంగాణ ఊళ్లు చాలావరకు గొలుసుకట్టు చెరువుల కింద పెరిగినవే. ఒక చెరువు నిండి అలుగు (మిగులు నీళ్లు పొర్లే చోటు) దూకిన నీళ్లు కింది చెరువుకు చేరే కాలువ, తూము (పొలాలకు నీళ్లు వదిలే ద్వారం) కింది పంట కాలువ, వాగు ఒడ్డు: ఇవి ఊరి మధ్యలోంచి సాగుతాయి. వాలు తక్కువ కాబట్టి నడకకు అనువు. గుళ్లు, దర్గాలు, పాత బావులు కూడా నీళ్ల పక్కనే కట్టారు కాబట్టి చరిత్రను వేరే వెతకక్కర్లేదు.

సర్వే శాఖ దగ్గరో తహసీల్దార్ ఆఫీసులోనో గ్రామ నక్ష (ఊరి భూముల పటం) నకలు అడగండి. దానితో పాటు పాత భూమి రికార్డులైన సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ కూడా తీసుకోండి. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నక్షలోని కాలువను ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం మీద గుర్తించుకుంటూ పోతే ఎక్కడ తెగిందో, ఎక్కడ ఇల్లు లేచిందో, ఎక్కడ రోడ్డు కింద పైపులో దూరిందో ఒక సాయంత్రంలో తేలిపోతుంది. తర్వాత ఆ చెరువు కింద నీరటిగా, అంటే పొలాలకు నీళ్లు వదిలే పనిలో ఉన్న కుటుంబం ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఏ తూము ఏ మడికి పారేదో కాగితం కన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఇక్కడ ఒక జాగ్రత్త. శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) అని రాసి ఉన్నంత మాత్రాన మొత్తం సర్కారుది అనుకోకండి. పట్టా ఉన్న శిఖం భూములూ ఉంటాయి. ఎండాకాలం నీళ్లు తగ్గాక అందులో సేద్యం చేసుకునే రైతును మొదటి రోజే ప్రత్యర్థిని చేసుకుంటే పని అక్కడే ఆగుతుంది.

నిర్మాణ నిబంధనలు కూడా మీకు అక్కరకొస్తాయి. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్ల దాకా ఇల్లు కట్టకూడదు. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. 10 మీటర్ల కన్నా వెడల్పైన నాలా, వాగుకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. పచ్చగా వదిలేయమని చట్టమే చెప్పిన ఆ పట్టీయే మీ దారి. ముందు ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతించమని నీటిపారుదల శాఖను అడగండి. ఆ రాళ్లు లేకుండా మొక్క నాటితే వచ్చే ఏడు అది ఎవరి ప్లాటులోనో ఉంటుంది.

పట్టీలో ఇప్పటికే పేదల ఇళ్లుంటే దారిని చుట్టూ తిప్పండి. నడక దారి పేరుతో బుల్డోజర్ వచ్చిందన్న మాట ఒకసారి పుట్టిందంటే ఆ దారిని ఆ వాడ ఎప్పటికీ తనది అనుకోదు.

2. నాలుగు వేళల్లో నడవండి

మే నెల మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి, మంచి వాన కురిసిన మర్నాడు ఒకసారి, బడి వదిలే వేళ ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. వెంట ఒక పెద్దాయన, ఒక కాలేజీ అమ్మాయి తప్పకుండా ఉండాలి. ఎక్కడ భయమేసింది, ఎక్కడ కాలు జారింది, ఎక్కడ కూర్చోవాలనిపించింది అని వాళ్లు చెప్పిందే నక్ష మీద రాసుకోండి.

ఇదే నడకలో కాలువలోకి పడుతున్న మురుగు పైపులను లెక్కపెట్టండి. వాటిని పక్కనే వేరే డ్రైనేజీ లైనులోకి మళ్లించేదాకా మిగతా పనులేవీ మొదలుపెట్టొద్దని నా సలహా. వాసన వచ్చే చోట మీరు ఎంత అందమైన బొమ్మ వేసినా జనం ముక్కు మూసుకుని దాటిపోతారు.

3. అనుమతులు

కట్ట మీద ఏం చేయాలన్నా నీటిపారుదల శాఖ, రోడ్డు దాటే చోట ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ), గుడి భూమి అయితే దేవాదాయ శాఖ, దర్గా భూమి అయితే వక్ఫ్ బోర్డు. పాత కట్టడం దగ్గర ముందు అక్కడి బోర్డు చదవండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదైతే చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ఇది. రాష్ట్ర రక్షణలో ఉన్నవాటికి 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఉంది. అక్కడ రాష్ట్ర వారసత్వ శాఖను అడగాలి.

డబ్బుకు మొదటి తలుపు మున్సిపల్ ఆఫీసే. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డులో అవి కాగితం మీదే ఉంటే, వాటిని నిద్రలేపడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

4. చెట్లు: కట్ట మీద ఒక లెక్క, కింద ఇంకో లెక్క

మట్టి కట్ట వాలు మీద పెద్ద చెట్లు నాటకండి. వేరు లోపలికి దిగుతుంది, చెట్టు చచ్చాక వేరు కుళ్లుతుంది, ఆ ఖాళీ సొరంగంలా మిగులుతుంది. నీళ్లు దాన్ని వెతుక్కుంటాయి. చెరువులు తెగడానికి ఇదొక పాత కారణం. వాలు మీద గడ్డి చాలు. చెట్లు కట్ట కింది అంచు దాటాక, ఇంజనీరు చెప్పినంత దూరం వదిలి నాటండి. కట్ట మీద ఇప్పటికే ఉన్న పెద్ద చెట్టును కూడా తొందరపడి కొట్టేయొద్దు, కొట్టినా వేరు లోపలే కుళ్లుతుంది. అది ఇంజనీరు చూసి చెప్పాల్సిన మాట.

కాలువ పక్క తడి ఉండే చోట కానుగ, నేరేడు, మద్ది. ఎండు నేలలో వేప, చింత, ఇప్ప, మోదుగ. కోనోకార్పస్ జోలికి మాత్రం పోవద్దు. త్వరగా పచ్చబడుతుందని మున్సిపాలిటీలు మురిసిపోయి నాటాయి, ఇప్పుడు వద్దంటున్నాయి. సర్కారు తుమ్మను వేర్లతో సహా తీయకపోతే రెండు వానలకే మళ్లీ దారి మూసేస్తుంది.

గుంతలు మే నెలలోనే తవ్వించండి. పొడవు, వెడల్పు, లోతు తలా 60 సెంటీమీటర్లు. ఎండకు ఆరనిచ్చి, పైమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపండి. రెండు గట్టి వానలు పడ్డాక, జూన్ చివర్లోనో జూలైలోనో నాటాలి. మొక్క ఆరడుగుల ఎత్తుంటే మేకల నోటికి కొస అందదు. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు ఎవరు పోస్తారో మొక్క కొనకముందే తేల్చుకోండి.

దారి పక్కన ఎకరమో అరెకరమో నాటకుండా వదిలేయండి. అక్కడ తంగేడు, గునుగు వాటంతట అవే వస్తాయి. తంగేడును పశువులు పెద్దగా ముట్టవు, నీళ్లూ అడగదు. బతుకమ్మ నాటికి ఆడవాళ్లు పూలు కోసుకునేది అక్కడే, కాబట్టి నీళ్లలోకి దిగే మెట్లు కూడా అక్కడే పెట్టండి. రాతి మెట్లు, వెడల్పుగా, పట్టుకోవడానికి ఒక పక్క కడ్డీతో. నన్నడిగితే ఈ దారి మొత్తంలో ఊరికి ఎక్కువ పనికొచ్చే కట్టడం ఆ మెట్లే.

రావి, మర్రి మంచి నీడే కానీ పాత గోడలకు దూరంగా ఉండాలి. గుడి గోడ సందులో రావి మొక్క వేలెడంత ఉన్నప్పుడే తీయాలి. మొద్దు కట్టాక లాగితే రాయి కూడా ఊడి వస్తుంది, అప్పుడు వారసత్వ శాఖ వాళ్లే చూడాలి. మహా వృక్షాల విషయంలో పిల్లలమర్రి అనుభవం గుర్తుంచుకోండి. దాదాపు మూడెకరాలు అల్లుకున్న ఆ చెట్టుకు చెదలు పట్టి కొమ్మలు విరిగాయి. 2017 చివర్లో సందర్శకులను ఆపేసి, 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించాల్సి వచ్చింది. అలాంటి చెట్టు దగ్గర దారి ఊడల మధ్యలోంచి పోకూడదు, పక్క నుంచే పోవాలి. మొదలు చుట్టూ సిమెంటు గద్దె అసలే వద్దు.

5. దారి వేయడం

నడిచేవాళ్లు, సైకిళ్లు కలిసి పోవాలంటే రెండున్నర నుంచి మూడు మీటర్ల వెడల్పు. ఇరుకైన చోట కూడా అడ్డంకి లేని 1.8 మీటర్లకు తగ్గొద్దు. ఎక్కడైనా ఎక్కాల్సి వస్తే 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు లెక్కన ర్యాంప్, అప్పుడే వీల్‌చైర్ ఎక్కుతుంది. గట్టిగా తొక్కించిన మొరం, అంచులకు రాయి: చవక, వాన నీరు ఇంకుతుంది, మోకాళ్లకు మంచిది. జనం ఎక్కువగా నిలబడే చోట ఇసుక పరుపు మీద తాండూరు బండలు. నున్నటి టైల్స్ మొదటి వానకే పెద్దవాళ్లను పడేస్తాయి. ప్రతి 150, 200 మీటర్లకు నీడలో ఒక అరుగు ఉండాలి.

అలుగు మీద వంతెన కట్టాలని అందరికీ సరదా. వద్దు. అలుగు పారే దారికి అడ్డంగా స్తంభాలు వేస్తే వరదకు చెత్త అక్కడే పేరుకుంటుంది. రాళ్ల మీద దాటేలా ఉంచి, అలుగు దూకే రోజుల్లో గొలుసు వేసి మూసేయండి. ఊరు ఎలాగూ ఆ రోజు అలుగు చూడటానికే వస్తుంది.

దీపాలు కిందికి చూసేవి, పసుపు వెలుగువి, నడుము ఎత్తులో చాలు. చెట్లకు, గుడి గోపురానికి రంగుల లైట్లు వేస్తే పక్షులకు నిద్ర ఉండదు, గబ్బిలాలకు ఇబ్బంది, మనకూ నక్షత్రాలు కనపడవు.

ఛాయా సోమేశ్వరం లాంటి చోట ఇంకో సంగతి ఉంది. అక్కడ లింగం వెనక గోడ మీద ఒక నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. బయటి వెలుగు వేర్వేరు స్తంభాల మీద పడి నీడలు ఒక్కచోట కలిసేలా కట్టిన పనితనం అది. గుడి ముందు రేకుల షెడ్డో పెద్ద ఆర్చీయో నిలబెడితే లోపలికి వెళ్లే ఆ వెలుగునే అడ్డుకుంటాం. సౌకర్యాలన్నీ గుడికి దూరంగా, దారి మొదట్లోనే పెట్టండి.

6. ఏ చరిత్ర చెప్పాలి, ఎవరు చెప్పాలి

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 1980ల్లో తెలుగు ప్రముఖుల విగ్రహాలు పెట్టారు. 2011 మార్చి 10న, ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్ రోజు వాటిలో కొన్నింటిని పగలగొట్టారు. అందులో ఎవరిది తప్పన్న వాదన ఇక్కడ అక్కర్లేదు. మనవాళ్లు లేరని ఒక ప్రాంతం అనుకున్న విగ్రహాల వరుస పాతికేళ్లు గడిచినా ఆ జనానిది కాలేకపోయింది. ఎవరి బొమ్మ పెట్టాలన్నది కాంట్రాక్టరుకో ఒక్క ఆఫీసరుకో వదిలేస్తే ఇదే గతి.

అందుకని బొమ్మల కన్నా ముందు ఒక జాబితా తయారు చేయండి. టీ కొట్టు దగ్గర, మసీదు గేటు దగ్గర, మహిళా సంఘం మీటింగులో, హాస్టల్ వరండాలో కూర్చుని "ఈ ఊరు గురించి మీ ఇంట్లో చెప్పుకునే మాట ఏమిటి" అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. చెప్పినవాళ్ల అనుమతి లేకుండా వాళ్ల పేరు రాయొద్దు. తారీఖులు, రాజుల పేర్లు వచ్చినప్పుడు శాసనమో ప్రభుత్వ గెజిటీరో చూసి సరిచూసుకోండి. రెండు కథలు పొసగకపోతే రెండూ రాసి, ఇలా అంటారు, అలా కూడా అంటారు అని పెట్టండి.

నల్లగొండకైతే సరుకు కొదవ లేదు. నకిరేకల్ దగ్గరి చందుపట్లలో రుద్రమదేవి మరణాన్ని చెప్పే 1289 నాటి శాసనం దొరికింది. 1922లో నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక వెలువడింది. 1946 జూలై 4న తెలంగాణ సాయుధ పోరాట తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోనిదే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానం మొదలైంది. భూమి కోసం తుపాకీ, భూమి దానం, రెండూ అయిదేళ్ల తేడాలో ఒకే జిల్లాలో! ఈ రెండింటినీ ఎదురెదురు గోడల మీద పెట్టే ధైర్యం ఉంటే అంతకన్నా మంచి చరిత్ర పాఠం ఉండదు.

ఇష్టం లేని చరిత్ర కూడా ఉంది. గ్రానైట్ రాయిలోంచి బోరు నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ ఎముకలను వంచింది. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇక్కడి చాలా బోర్లు దాన్ని ఎప్పుడో దాటేశాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. దానికి ప్రపంచమంతా వాడే పేరు నల్లగొండ టెక్నిక్. చోడులు తవ్వించిన ఉదయసముద్రంలోకి ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చి చేరుతున్నాయి. ఈ కథ చెప్పాల్సిన గోడ కట్ట పక్కనే ఉండాలి. వంగిన మనుషుల ఫొటోలు అతికించి జాలి అడగొద్దు. బోరు లోతు, రాయి, నీళ్లు, పటిక, కొళాయి అని వరుసగా చూపిస్తే పిల్లలకు సైన్సు, పెద్దలకు చరిత్ర.

పాలమూరు వాళ్లు దారి వేసుకుంటే వలసను దాచిపెట్టకండి. దేశమంతా డ్యాములు, కాలువలు తవ్విన 'పాలమూరు లేబర్' సొంత ఊళ్లో ఒక్క గోడ మీదైనా కనపడాలి. కృష్ణమ్మ కింద మునిగినవాటినీ మర్చిపోవద్దు. శ్రీశైలం ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. నల్లగొండ వైపు ఏలేశ్వరం ఊరు నాగార్జునసాగర్ నీళ్లలోకి పోయింది.

7. బొమ్మలు

మొదటి నియమం: పాత రాయి మీద ఏదీ వేయకూడదు. సున్నం, ఎనామిల్ పెయింట్, నూనె, పసుపు, చివరికి శాసనం చదవడానికి సుద్ద కూడా వద్దు. శాసనం ఫొటో కావాలంటే సాయంత్రం ఎండ పక్క నుంచి పడేటప్పుడు తీయండి, అక్షరాలు వాటంతట అవే తేలతాయి. కొత్తగా శాసనం బయటపడితే తవ్వి కదిలించకుండా వారసత్వ శాఖకు చెప్పండి. మైసూరులోని కేంద్ర శాసన విభాగం వాళ్లు దాని నకలు తీసే పద్ధతి వేరే ఉంది.

గోడ ఎంచుకున్నాక యజమాని దగ్గర రాతపూర్వకంగా అయిదేళ్ల అనుమతి తీసుకోండి. తడి పరీక్ష చేయండి. ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు అంచులా టేపు వేసి రాత్రంతా ఉంచితే, పొద్దున లోపలి పక్క చెమ్మ కనిపించిన గోడ పనికిరాదు. తడి గోడ మీద ఉప్పు పొంగి రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగండి. పాత రంగు గీకి, కడిగి, ఆరాక బయటి గోడల ప్రైమర్, దానిపై యాక్రిలిక్ ఎమల్షన్. నేల నుంచి అడుగున్నర దాకా బురద చిందుతుంది కాబట్టి అక్కడ బొమ్మ వద్దు, రాయి పట్టీ చాలు. పడమటి గోడ మీద మెరిసే ఎరుపు, పసుపు రంగులు త్వరగా వెలుస్తాయి. ఎర్రమట్టి, కావి లాంటి మట్టి రంగులు చాలాకాలం నిలుస్తాయి. పని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ముగించండి.

చిత్తును కాగితం మీద గళ్లు గీసి, అవే గళ్లను గోడ మీద దారంతో కొట్టుకుంటే పదో తరగతి పిల్లలు కూడా పెద్ద బొమ్మ ఎక్కించగలరు. ముఖాలు, చేతులు మాత్రం చేయి తిరిగిన చిత్రకారుడికే వదలండి. ఆయనకు కూలి ఇవ్వండి, గోడ మూలన ఆయన పేరు రాయించండి. 'సేవ' పేరుతో ఉచితంగా చేయించుకునే అలవాటు కళాకారులను ఊరు వదిలి పోయేలా చేస్తోంది.

ప్రతి కళా పెయింటు కానక్కర్లేదు. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే గద్వాల అంచును అరుగు మీద రెండు రంగుల రాళ్లతో పరవొచ్చు. పోచంపల్లి ఇక్కత్ గళ్లు దారి మలుపుల్లో బాగుంటాయి. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన 12 మెట్ల కిన్నెర పాలమూరుది. దాన్ని గోడ మీద గీయడం కన్నా నెలకో సాయంత్రం కట్ట మీద వాయించే వాళ్లను పిలిచి డబ్బిచ్చి కూర్చోబెట్టడం మేలు. ఫైబర్ జింకలు, సిమెంటు పుట్టగొడుగుల గురించి నేనేమీ అనను, కానీ దయచేసి ఈ దారిలో పెట్టకండి.

బోర్డు మీద 50 మాటలు దాటొద్దు. తెలుగు పెద్దగా, కింద ఉర్దూ, ఆ తర్వాత ఇంగ్లీషు. నడుము ఎత్తున కాస్త వంచి పెడితే పిల్లలూ, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లూ చదువుతారు. ప్రారంభించినవాళ్ల పేర్ల పలక బోర్డు కన్నా పెద్దదిగా ఉండకుండా చూడటమే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా టెన్షన్. దాన్ని కమిటీ తీర్మానంలో కొలతలతో సహా ముందే రాసుకోండి.

8. మొత్తం కాదు, ఒక ముక్కతో మొదలు

నాలుగు కిలోమీటర్లు ఒకేసారి వేయొద్దు. బడి దగ్గరున్న 500 మీటర్లు ముందు పూర్తి చేయండి. ఒక వాన, ఒక ఎండాకాలం చూశాక ఏ మొక్క బతికింది, ఏ గోడ వెలిసింది, బైకులు ఎక్కడ దూరుతున్నాయి అన్నీ తెలుస్తాయి. అప్పుడు మిగతాది.

ఊడ్చడం, నీళ్లు పోయడం, తుమ్మ కంప తీయడం మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలకు నెలజీతం లెక్కన అప్పగిస్తే బాగా నడుస్తుంది. ఒకే కాంట్రాక్టరుకు దారి, మొక్కలు, బొమ్మలు కలిపి ఇవ్వకండి. సిమెంటు పనికి బిల్లు రాగానే మొక్కలను వదిలేస్తారు. టెండరు కాగితంలో మొదటి మూడేళ్ల నీళ్లు, కలుపు, చచ్చిన మొక్క స్థానంలో కొత్త మొక్క, గోడకు మళ్లీ రంగు, వీటి ఖర్చు విడి పద్దుగా కనిపించాలి. అది లేని ఫైలు మీ వార్డు కమిటీ దగ్గరికి వస్తే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.